క్లారీకి తెలియని స్టీరింగు

స్టీరింగు ఒకటి చేతికిస్తే చాలు, కారు లేకపోయినా నడిపేసే మనిషి మా క్లారీ హాకెట్.

బెండిగో పట్నం పక్కన మా ఊళ్లో పాతకార్ల క్లబ్బుంది. పాతికేళ్లుగా దానికి నేను కార్యదర్శిని. అంటే టీ కాచి, చీటీలు రాసేవాణ్ణి. ఎవరి షెడ్డులో పేరు తెలియని పాత స్టీరింగు బయటపడినా క్లారీ దగ్గరికే తెచ్చేవారు. ఆయన పాలసీసాల పెట్టె బోర్లించి కూర్చుని కళ్లు మూసుకునేవాడు. ఇక నోటితోనే ఇంజను, గేర్లు, బ్రేకులు. దారికి అడ్డొచ్చిన గొర్రెల్ని తిట్టడం కూడా ఉండేది.

"ముందు దాని వెనక నంబరేమైనా ఉందేమో చూడవయ్యా!" అనేవాడు మా అధ్యక్షుడు కోలిన్.

"మాట్లాడించకు. ఎదురుగా లారీ వస్తోంది."

కాసేపటికి కళ్లు తెరిచి తీర్పు చెప్పేవాడు. "పంతొమ్మిదివందల ఇరవయ్యారు నాటి డాడ్జి కారుది. నడిపినవాడిది ఎడమచేతి వాటం." పుస్తకాలు తిరగేస్తే అక్షరాలా నిజమయ్యేది. సొంత బావమరిది అంత్యక్రియల్లో కూడా శవవాహనంలోకి తొంగిచూసి, "ఈ బండికి ఈ స్టీరింగు కాదే!" అని పావుగంట ఊరేగింపు ఆపేశాడు మహానుభావుడు.

పేరు తేలిన స్టీరింగు క్లబ్బు గోడకెక్కుతుంది. తేలనిది అనాథల పెట్టెలో పడుతుంది. అదీ మా నియమం.

మార్చిలో నోరీన్ ట్రెగియర్ ఒక స్టీరింగు పట్టుకొచ్చింది. భర్త విక్ పోయి అప్పటికి మూడు నెలలు.

"పెళ్లికి ముందు రేసుకారు నడిపానని జీవితమంతా చెప్పాడు. ఇది దానిదేనట. నవంబరు ప్రదర్శన నాటికి గోడమీద చూడాలనుంది క్లారీ."

క్లారీ కళ్లు మూసుకున్నాడు. ఇంజను అందుకుంది. రెండో మలుపులో టక్కున ఆగిపోయింది.

"తెలియదు" అన్నాడు.

నేను టీ ఒలకబోసుకున్నాను. ఆయన నోట ఆ మాట ఎవరూ ఎరగరు.

ఏప్రిల్లో ఇటలీదేమో అన్నాడు. జూన్లో పడవదేమో అన్నాడు. ఆగస్టులో, "ఒరే అబ్బాయ్, విమానాలకి ఇలాంటివి ఉంటాయంటావా?" అని నన్నే అడిగాడు. నాకు మతిపోయింది. తలగడలంత లావు పుస్తకాలు తిరగేశాను, ఏమీ అంతుబట్టలేదు. "ముసలాడి పని అయిపోయింది" అని తేల్చేశాడు కోలిన్. జనం ఆయన దగ్గరికి స్టీరింగులు తేవడం మానేశారు. ఆ పాలసీసాల పెట్టె మీద ఒక్కడే కూర్చుని టీ తాగేవాడు.

ప్రదర్శన రోజు పొద్దున్నే క్లారీని నిలదీశాను. "అనాథల పెట్టెలో వేసెయ్యనా మరి?"

"ఆగరా! చుట్టూ తడిమి చూడు."

తడిమాను. అంతటా ఒకేలా నున్నగా ఉంది.

"రోడ్డు మీద తిరిగిన బండిదైతే చేతులు పట్టేచోటే అరుగుతుంది. ఇది చుట్టూతా అరిగింది. తిరణాల్లో ఒకదాన్నొకటి గుద్దుకునే డ్యాషింగు కారుదిరా ఇది. మొదటి రోజే తెలిసింది."

"మరి చెప్పొచ్చుగా!"

"చెబితే విక్ అబద్ధాలకోరవుతాడు. తెలియదంటే నేను పిచ్చోణ్ణవుతాను. నేను బతికే ఉన్నాగా, తట్టుకుంటాను."

"పిచ్చోడివే!" అని వెనకనుంచి కేకేసింది నోరీన్. చేతిలో లామింగ్టన్ కేకుల పళ్లెం. అంతా వినేసింది. "డ్యాషింగు కారని నాకు తెలీదూ? అందులో ఆయన్ని గుద్దింది నేనే! పదకొండుసార్లు గుద్దాను. పన్నెండోసారి, పెళ్లి చేసుకుందామా అన్నాడు."

"మరి రేసుకారని..." అన్నాడు క్లారీ.

"ఆడపిల్ల చేతిలో ఓడానని మీ మగాళ్లకి చెప్పుకుంటాడా? నువ్వే ఏదో ఒక రేసుకారు పేరు చెప్పేస్తావనుకుంటే ఎనిమిది నెలలు తిప్పావు!"

"అబద్ధం నా నోట రాదు నోరీన్."

"పడవదన్నావుగా?"

"పడవదేమో అన్నాను" అని నసిగాడు క్లారీ.

నోరీన్ నావైపు తిరిగింది. "రాయి బాబూ. ఉన్నదే రాయి."

రాశాను: 'డ్యాషింగు కారు. నడిపినవాడు విక్ ట్రెగియర్. గెలిచింది నోరీన్.'

అప్పుడే వచ్చిన కోలిన్ అది చదివి, మేకు తీసుకురావడానికి వెళ్లాడు. ఆయన వచ్చేలోగా క్లారీ స్టీరింగు అందుకుని, తన పెట్టె మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ఈసారి రెండో మలుపు హాయిగా దాటాడు. మూడో మలుపులో ఉండగా నోరీన్ ఇంకో పెట్టె లాక్కొచ్చి, ఆయన పెట్టెకు ఠపీమని ఒక్క గుద్దు గుద్దింది.

"కళ్లు తెరిచి నడుపు, ముసలోడా!"