నా వాటా తగ్గించండి

మా పెద్ద డాక్టరు సారు పోయారని కాంపౌండర్ ఫోన్ చేసినప్పుడు, వికారాబాద్ స్టేషన్‌లో తాండూరు బండి కోసం నిలబడి ఉన్నాను. ఏడుపు కంటే ముందు గుబులు పుట్టింది. తాండూరులో మా దవాఖాన నడపాల్సింది ఇక నేనొక్కదాన్నే.

నా డాక్టరు చదువు కోసం మా నాయిన కుల్కచర్లలో ఉన్న చేను బ్యాంకులో కుదువ పెట్టాడు. ఆ సంగతి సారు దగ్గర చేరిన రోజే చెప్పాను. "నా కాడ జీతం తక్కువ బిడ్డా, ముందే చెప్తున్న," అన్నారు. ఆయనేమీ డబ్బంటే గిట్టని మహాత్ముడు కాదు. కరెంటు బిల్లు వచ్చినప్పుడల్లా గొణిగేవారు: "తాండూరు బండల పాలిష్ మిషన్ పెట్టుకున్నా మస్తు సంపాయిస్తుంటి. పోయిపోయి గీ స్టెతస్కోపు మెడకేసుకున్న."

స్కానింగుకు పంపిన డాక్టరుకు సెంటర్ల వాళ్ళు వాటా ఇస్తారని మీకూ తెలిసే ఉంటుంది. సారు చీటీ అడుగున మాత్రం ఒక ముక్క ఉండేది: "నా వాటా పేషెంటుకు తగ్గించండి." అదీ తెలుగులో. ఎందుకు సార్ అంటే నవ్వారు.

"ఇంగ్లీషుల రాస్తె నాకు, వాళ్ళకే ఎరుక. తెలుగుల రాస్తె పేషెంటు సదువుకొని కౌంటర్ కాడ కొట్లాడుతడు."

వచ్చే డబ్బు వదిలేసి నాకు తక్కువ జీతమా అని ఒళ్ళు మండింది. "మరి మా నాయిన చేను సార్?" అన్నాను.

"కడుపు నింపుకోవాలె బిడ్డా. ఎవల కడుపు కొట్టి నింపుకుంటున్నమో, గదొక్కటి చూస్కో."

ఆ నెల నుంచి నా జీతం కొంచెం పెరిగింది. ఆయన పాత స్కూటరు మాత్రం మారలేదు.

సారు లేకుండా దవాఖాన తెరిచిన మొదటి రోజు, కరణ్‌కోట నుంచి ఒక క్వారీ కూలీ వచ్చాడు. ఎడతెగని దగ్గు. ఛాతీ స్కానింగు రాయక తప్పలేదు. అతని భార్య చీటీ వంక బెదురుగా చూసింది. "పైసలు మస్తయితయా అమ్మా?"

నా కలం ఆగిపోయింది. బ్యాంకు కిస్తీ ఇంకా కట్టలేదు. జీతం ఇచ్చే సారు ఇక లేరు. సెంటరు మనిషి నిన్ననే పరామర్శకని వచ్చి, పోతూ పోతూ "ఇగ వాటా సంగతి మీ ఇష్టం మేడం" అని నవ్వాడు. భయం భయంగానే, వంకరటింకర అక్షరాలతో చీటీ అడుగున సారు రాసే ఆ ముక్కే రాశాను.

కాసేపటికి సెంటరు నుంచి ఫోన్. "మేడం, పేషెంటు ఎవలో పెద్ద సారు పాత చీటీ పట్టుకొచ్చిండ్రు, అడుగున గదే వాటా ముక్క ఉన్నది. ఏం జెయ్యమంటరు?"

"పాతది కాదు. నాదే," అన్నాను.

ఫోన్ పెట్టేసి, చీటీల పుస్తకం ముందుకు లాక్కున్నాను. పక్కన సారు కుర్చీ ఖాళీగా ఉంది. బయట తర్వాతి పేషెంటు దగ్గుతున్నాడు.