పక్క సీటు అద్దం

ఇనస్పెక్టరమ్మ నిజానికి ఏ శాఖలోనూ ఇనస్పెక్టరు కాదు. పాత బండి కొనాలనుకునేవాళ్లు ఆమెను పిలుస్తారు. ఆమె వెళ్లి, బండి కిందకు దూరి, లోపలికెక్కి, మూలమూలా వాసన చూసి, ఏది నిలుస్తుందో ఏది నిలవదో నాలుగు పేజీలు రాసిచ్చి వస్తుంది. అంతకుముందు ఇరవై రెండేళ్లపాటు ఒక బీమా ఆఫీసులో పనిచేసింది. ప్రమాదాల్లో నుజ్జయిన బళ్లను చూసి, ముందు ఏది విరిగింది, దానివల్ల ఏది విరిగింది అని తేల్చడమే అక్కడ ఆమె పని. వీధిలోవాళ్లు ఆ పేరు అప్పుడే తగిలించారు. ఉద్యోగం పోయినా పేరు మాత్రం అంటిపెట్టుకునే ఉంది.

యాభై ఆరేళ్ల మనిషి. పొడుగ్గా, సన్నగా ఉంటుంది. మోచేతుల దాకా మడిచిన చొక్కా, మెడలో తాడుకు వేలాడే టార్చి, జేబులో పెన్సిలు ముక్క. చొక్కాలు కుట్టేది మొగుడే. ఆయన దర్జీ. ఇంటి ముందు గదిలోనే ఆయన మిషను. "మా ఆవిడ బండి కింద దూరినంతసేపూ నా జోలికి రాదు. పాత బళ్లు కలకాలం ఉండాలి బాబూ" అని వచ్చినవాళ్లతో అంటుంటాడు. ఆమె లోపలి గదిలోంచి "వినపడుతోంది" అంటుంది. ఆయన మిషను చప్పుడు పెంచుతాడు.

ఆమె రిపోర్టుల్లో ఒక మాట ఎప్పుడూ కనిపించేది కాదు: "కారణం తెలియలేదు." నీళ్లు కారితే ఎక్కడినుంచో చెప్పేది. చప్పుడొస్తే దేనిదో చెప్పేది. అంతవరకూ బండి దగ్గర్నుంచి కదిలేది కాదు.

వాన కాలం వెళ్లీ వెళ్లని రోజుల్లో ఊరి చివరి పెద్ద హోటలు యజమాని ఫోను చేశాడు.

"అమ్మా, కంచుకంఠం గారి ట్రక్కు అమ్మకానికొచ్చింది. హోటలు ముందు గాజు గది కట్టించి అందులో పెడదామని. మీరొకసారి చూసి చెప్పాలి."

కంచుకంఠం ఎవరో చెప్పక్కర్లేదు. ఆ గాయకుడు పోయి పంతొమ్మిదేళ్లయినా ఏ మంగలి దుకాణంలో కూర్చున్నా రేడియోలో ఆయన గొంతే. ఆ బండి కూడా అంత పేరున్నదే. ఆకుపచ్చ ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కు, వెనక కొండలు, స్టీరింగ్ మీద ఒక చెయ్యి వేసి, కిటికీలోంచి మోచెయ్యి బయటపెట్టి నవ్వుతున్న ఆయన. ఆ బొమ్మ ఒకప్పుడు ప్రతి ఇంటి గోడ మీదా ఉండేది.

"ఎవరిదైతే నాకేంటండీ? తుప్పుకి పేర్లు తెలీవు" అంది ఆమె. మర్నాడు ఉదయం తొమ్మిదింటికి వెళ్లింది.

ఇటుక ఇళ్ల సందు చివర రేకుల షెడ్డు. దాని పక్కన ఒకే ఒక్క గది. అందులో ఉండేది గాయకుడి దగ్గర పాతికేళ్లు పనిచేసిన డ్రైవరు. డెబ్బై ఎనిమిదేళ్ల పొట్టి మనిషి, కుడికాలు కాస్త ఈడుస్తాడు. బండిని ఆయన పేరనే రాసి పోయాడు గాయకుడు. ఇప్పుడు డ్రైవరుకు చూపు మందగించింది. కూతురు తన దగ్గరికి వచ్చెయ్యమంటోంది. ఆవిడ ఉండేది అయిదో అంతస్తులో.

"అక్కడికి దీన్ని ఎక్కించలేను కదమ్మా" అన్నాడు ఆయన, షట్టరు ఎత్తుతూ.

ఆమె పని మొదలుపెట్టింది. చాపేసుకుని కిందకు దూరింది. చాసిస్ గట్టిగానే ఉంది, వెనక అడ్డపట్టీ ఒక్కటే తుప్పు తినేసింది. ముందు చక్రాలకు శక్తినిచ్చే లివరు మాత్రం బిగుసుకుపోయింది. ఇంజను రెండో తిప్పుకే అందుకుంది. డ్రైవరు ముఖం వెలిగింది.

ఆ తర్వాత లోపలికెక్కింది. ఎక్కగానే ఏదో పొసగలేదనిపించింది. డ్రైవరు సీటు ముందుకు జరిపి ఉంది, ఆమె మోకాళ్లు స్టీరింగుకు తగిలాయి. గాయకుడు ఆరడుగులకు పైనే ఉండేవాడు. బ్రేకు పెడలు రబ్బరు ఒక పక్కనే అరిగిపోయింది, కాలు ఈడ్చేవాడు తొక్కితే అరిగినట్టు. పక్క సీటు చూస్తే స్ప్రింగులు బాగా కుంగి ఉన్నాయి. దాని ముందున్న పట్టుకునే కడ్డీ మీద నల్లరంగంతా పోయి, నాలుగు వేళ్ల మేర ఇనుము తెల్లగా బయటపడింది. నేలమీద చాపకు రెండు మడమల చోట రెండు బొక్కలు. అక్కడ కూర్చున్నవాడు ఏళ్ల తరబడి పట్టు వదలకుండా, కాళ్లు నేలకు తన్నిపెట్టి ఉన్నాడన్నమాట.

ఈ బండి కంచుకంఠం నడపలేదు. పెన్సిలుతో అంతవరకు రాసుకుంది.

ఇక మిగిలింది నీళ్ల పరీక్ష. తలుపులు, కిటికీలు బిగించి ఆమె లోపల కూర్చుంటుంది, బయటినుంచి ఒకరు పైపుతో నీళ్లు కొడతారు. రబ్బర్లు ఎక్కడ చెడ్డాయో టార్చితో వెతుక్కోవాలి. డ్రైవరు పైపు పట్టుకున్నాడు. రేకుమీద నీళ్లు ధారగా దొర్లాయి. లోపల చల్లబడింది. ఆమె ఊపిరికి ఎదుటి అద్దం మసకబారింది. అందులో వింతేమీ లేదు.

పక్క సీటు కిటికీ అద్దం కూడా మసకబారింది.

అరచేయంత మరక. పొడుగాటి మనిషి ముఖం ఉండేంత ఎత్తులో. ఆమె చూస్తుండగానే అది చిన్నదైంది. మళ్లీ పెద్దదైంది. చిన్నదవడం చప్పున, పెద్దదవడం నెమ్మదిగా.

ఆమె ముందు తన ఊపిరే అనుకుంది. ముక్కు మూసుకుని ముప్పై దాకా లెక్కపెట్టింది. మరక తన పని తాను చేసుకుపోతూనే ఉంది. హీటరు గొట్టం తడిమింది, గుడ్డ కుక్కి మూసేశారు. చాప పొడిగా ఉంది. తలుపు రబ్బరు చుట్టూ వేలు పోనిచ్చింది, చుక్క తడి లేదు. చేసేదేమీ లేక చేతి వెనక భాగాన్ని అద్దం ముందు పెట్టింది. వెచ్చగా తగిలింది. చెమ్మగా. ఒక పొడుగాటి ఊపిరి, అయిపోయేదాకా.

చేతిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అయినా చెయ్యి తియ్యలేదు. వాళ్లమ్మ మంచాన పడ్డ పదకొండు రోజులూ ఆమె ఇలాగే ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసేది. పన్నెండో రోజు మధ్యాహ్నం పది నిమిషాలు కునుకు పట్టింది. లేచి చూసేసరికి చేతికేమీ తగల్లేదు. ఊపిరి ఎలా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఇది నిద్రపోయేవాడి ఊపిరి కాదు, జబ్బుచేసినవాడిదీ కాదు. భయపడుతూ, ఆ భయాన్ని అదుపులో పెట్టుకుంటున్నవాడిది.

తలుపు తీసి కిందకు దిగింది. బయటినుంచి చూసింది. లోపల ఎవరూ లేరు. మరక చిన్నదవుతోంది, పెద్దదవుతోంది.

డ్రైవరు నీళ్లు కట్టేశాడు. "పట్టిందా అమ్మా ఆవిరి?" అని మామూలుగా అడిగాడు.

"మీకు తెలుసా?"

"తెలుసు."

ఇద్దరూ షెడ్డు గడప మీద కూర్చున్నారు. డ్రైవరు పైపు చుట్టుకుంటూ చెప్పాడు. "అయ్యగారికి బండి నడపడం రాదు. కూర్చోడమే భయం. ఆ బొమ్మ చూశారుగా? అందులో నేనూ ఉన్నాను. స్టీరింగు కింద నక్కి, రెండు చేతుల్తో బ్రేకు నొక్కిపట్టుకున్నాను. ఏటవాలు రోడ్డు. ఆయన పైన నవ్వుతూనే, 'ఒరేయ్ వదలకురోయ్' అంటున్నారు."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"బండి భయం ఒక ఎత్తు, కచేరీ భయం ఇంకో ఎత్తు. పాటకు ముందు అరగంట బండిలోనే కూర్చునేవారు, అద్దాలన్నీ వేసేసుకుని. ముక్కుతో చిన్నగా పీల్చి, నోటితో పొడుగ్గా వదిలేవారు. నేను పక్కన ఉండాలి. మాట్లాడకూడదు, దిగిపోకూడదు. అంత గొంతు పెట్టుకుని అంత భయమేంటో! ఆయన పోయాక మొదటి వానల్లో చూశాను ఇది. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే కాసేపు వచ్చి కూర్చుంటాను."

"మీకు భయం వెయ్యదా?"

"భయం ఆయనకమ్మా. నాకెందుకు?"

ఆ సాయంత్రం ఇంట్లో రిపోర్టు రాసింది. నాలుగో పేజీ చివర చాలాసేపు పెన్సిలు కొరికింది. మొగుడు మిషను ఆపి, భుజం మీదుగా తొంగిచూశాడు. "పక్క సీటు కిటికీ అద్దానికి లోపలివైపు ఆవిరి. కారణం తెలియలేదు."

"ఈ మాట నీ చేతిరాతలో చూడ్డం ఇదే మొదలు" అన్నాడు. ఏదో పరాచికం ఆడబోయి ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు. అంతా విన్నాక కూడా నవ్వలేదు. ఆ పూట మళ్లీ మిషను తొక్కలేదు.

హోటలు యజమాని మాత్రం నవ్వాడు. బండి తీసుకెళ్లే రోజున ఆమెను కూడా రప్పించి, స్వయంగా లోపల కూర్చుని నీళ్లు కొట్టించుకున్నాడు. అద్దం తళతళలాడుతూ ఉండిపోయింది. మరక లేదు, మసక లేదు. "పాత రబ్బర్లు కదమ్మా, మార్పించేద్దాం లెండి" అంటూ తన కారెక్కి వెళ్లిపోయాడు. ఆమె ముఖం వేడెక్కింది. పాతికేళ్ల పైబడిన పనిలో ఒకరు తనను చూసి జాలిపడ్డం ఇదే మొదటిసారి.

ట్రక్కును పెద్ద లారీ మీదికి లాగి తాళ్లతో కట్టారు. డ్రైవరు గదిలోంచి బయటికి రాలేదు. ఆమె వెళ్లి పిలిచింది.

"మీరూ వస్తారా, అక్కడిదాకా?"

"ఎక్కితే దిగలేనమ్మా" అన్నాడు, గోడవైపు తిరిగి.

ఆమె తిరిగొచ్చేసరికి లారీ కదలబోతోంది. మిట్టమధ్యాహ్నం, మాడు పగిలే ఎండ. ఆ ఎండలో ఏ అద్దానికీ ఆవిరి పట్టదు. పక్క సీటు అద్దం మీద మరక పుట్టింది. చప్పున పెరిగింది, చప్పున తరిగింది. నెమ్మది అన్నది లేదు.

ఆమె లారీ చక్రం మీద కాలుపెట్టి పైకెక్కింది.

"పైన బండిలో మనుషులు కూర్చోకూడదమ్మా! రూలు ఒప్పుకోదు" అని అరిచాడు లారీ అతను.

"తాళ్లు వదులైతే నువ్వు చూస్తావా, నేను చూడాలా? పోనియ్" అంటూ ట్రక్కు తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చుంది.

దారి పొడుగునా చెమట కారిపోయింది. పక్కన ఉన్నది ఖాళీ సీటే. కుదుపు వచ్చినప్పుడల్లా దాని స్ప్రింగులు కుదుపుకన్నా ముందే మూలిగేవి. నది మీది పొడవాటి వంతెన ఎక్కగానే అద్దమంతా తెల్లగా అయిపోయింది. పట్టుకునే కడ్డీ కిర్రుమంది. ఆమెకు దూకేద్దామనిపించింది. మాట్లాడకూడదని డ్రైవరు చెప్పిన సంగతి గుర్తుంది. అయినా అనేసింది.

"నేనున్నానండీ. దిగిపోను."

వంతెన దాటింది. అద్దం మీది తెలుపు అంచులనుంచి కరిగి మళ్లీ అరచేయంతైంది. నెమ్మదిగా పెద్దదవుతూ, చిన్నదవుతూ, ఆమె ఊపిరితో కలిసి నడిచింది. హోటలు గేటు కనిపించాక ఒక్కసారి బాగా పెరిగి, చాలాసేపు అలాగే నిలిచి, ఆరిపోయింది. ఆమె అద్దం ముందు చెయ్యి పెట్టి చూసింది. ఏమీ తగల్లేదు. ఈసారి మెలకువగానే ఉంది. ఎందుకో ఏడుపొచ్చింది, ఏడ్చింది. లారీ అతను చూసి, ఎండదెబ్బ అనుకుని మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

సాయంత్రం డ్రైవరుకు ఫోను చేసింది.

"చేర్చానండీ."

"భయపడ్డారా?"

"వంతెన మీద. ఆ తర్వాత సర్దుకున్నారు."

"వంతెనలంటే ఆయనకి ఎప్పుడూ అంతే" అన్నాడు. ఆ వారమే కూతురు వచ్చి ఆయన్ని తీసుకెళ్లింది.

ట్రక్కు ఇప్పుడు గాజు గదిలో ఉంది. జనం బయటినుంచి ముక్కులు ఆనించి చూస్తారు. ఇనస్పెక్టరమ్మ మూడుసార్లు వెళ్లింది, ఒకసారి వానలో కూడా. లోపలి అద్దం శుభ్రంగానే ఉంది. ఆయన వెళ్లిపోయాడో, భయం పోయిందో ఆమెకు తెలియదు. తెలుసుకునే పరీక్షా ఏదీ లేదు.

ఆమె పని ఎప్పటిలాగే సాగుతోంది. ఒక్కటే మారింది. ఏ పాత బండి చూడ్డానికి వెళ్లినా, పక్క సీటు తలుపు తీసే ముందు వేలి కణుపుతో ఒకసారి తడుతుంది. మొన్న ఒక కారు సొంతదారు అది చూసి అడిగాడు. "లోపల ఎవరున్నారమ్మా?"

"ఇంకా చూడలేదు" అంది ఆమె.