మంజులకు నేను చూసిన సంబంధం

నంద్యాలలో చీరల కొట్టు నడిపే నన్ను, సంబంధాలు చూడటంలో దిట్టనని బంధువులంతా మెచ్చుకుంటారు. ఆ దిట్టతనంతోనే ఉన్న ఒక్క చెల్లెల్ని పోగొట్టుకోబోయానని మాత్రం ఎవరూ అనరు. అది నేనే చెప్పుకోవాలి, వినండి.

మంజుల ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కుతుంది. పుట్టినప్పుడు అందరూ మగబిడ్డ అనుకుని అట్లాంటి పేరే పెట్టారు. తాను ఆడపిల్లనని ఆమె చెప్పిన రోజు నాయన వేసిన కేకలకు సంచి భుజాన వేసుకుని ఇల్లు విడిచిపోయింది. నాయన పోయాక నేనే వెళ్లి, "ఇంటికి రామ్మా" అని పిలుచుకొచ్చాను. ఇక నా అంత విశాల హృదయుడు జిల్లాలోనే లేడని నా నమ్మకం. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

ఆడపిల్ల అన్నాక పెళ్లి చేయాలి కదా. శిరివెళ్లలో భార్య పోయిన ఒక మంచి మనిషి ఉన్నాడు, ట్రాక్టరు ఉంది. విషయమంతా చెప్తే ఆలోచించుకుని సరేనన్నాడు. వాళ్లమ్మను అడిగాను, పురోహితుణ్ణి అడిగాను. మంజులను అడగాలని మాత్రం తోచలేదు. మా ఇళ్లలో ఆ అలవాటు లేదు మరి.

ఆదివారం మంజుల ఆళ్లగడ్డ నుంచి వచ్చేసరికి పెళ్లివారు వరండాలో బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తింటున్నారు. నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది.

"ఎవురన్నా వీళ్లు?"

"నిన్ను చూడనీకి వచ్చినారుమ్మా. మనిషి బంగారం."

"నాకు మగోళ్ల మీద మనసు పోదన్నా. ఆడోళ్ల మీదనే పోతాది."

నా గొంతులో బజ్జీ అడ్డం పడింది. ఆ దగ్గులోనే అనేశాను: "అట్లయితే ఇంత కష్టం యాలమ్మా? మగోనిగానే ఉండింటే సరిపోతుండె గదా."

మంజుల మొహం మాడిపోయింది. సంచి భుజాన వేసుకుంది. ఈసారి పోతే మళ్లీ రాదు. నాకు నిజంగా భయమేసింది.

గడప దగ్గర ఆగి అడిగింది: "అన్నా, పెండ్లిచూపుల్లో వదినెను చూసినంకనే నువ్వు మగోనివైతివా?"

"అదేం మాట? చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు."

"ఎవుర్నీ చూడకముందే తెలిసె గదా. నాకూ అంతే. పుట్టిన ఒళ్లు ఒకటి, నేనెవరో ఒకటి, నా మనసు యాడికి పోతాదో ఇంగొగటి. మూడూ కలిపి ఒకే మూట కడితివి గదన్నా, కొట్లో చీరల మాదిరి."

పొయ్యి దగ్గర నుంచి నా భార్య అంది: "ఆమెను అడిగేది పోయి పురోహితున్ని అడిగినాడు, ఏం చెప్పల్ల."

వరండాలోకి వెళ్లి చేతులు జోడించి, తప్పంతా నాదేనని చెప్పాను. శిరివెళ్ల ఆయన నిదానంగా లేచాడు. "ముందు ఆ పాపను అడగల్లప్పా" అని, మిగిలిన బజ్జీలు పొట్లం కట్టించుకుని వెళ్లాడు. అది చూసి మంజులకు నవ్వాగలేదు. సంచి దించింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

అడగకుండా ఎవరికీ సంబంధం చూడనని ఆ రోజే ఇంటి దేవుడి ముందు ప్రమాణం చేశాను. పోయిన నెల మంజుల, పాణ్యంలో పనిచేసే ఒక టీచరమ్మను వెంటబెట్టుకొచ్చింది. నేనేం అడుగుతానోనని నా భార్య నా వంకే గుడ్లురిమి చూసింది. నేను ప్రమాణం తప్పలేదు, అడిగాను: "ఉగ్గానిలో కారం ఎంత వేయమంటావమ్మా?" మిగతాది వాళ్లు చెప్పినప్పుడు వింటాను.