పంజాగుట్టలో ఒక రిపోర్టు కోసం

మా కోడలు కీర్తనకు ఐదో నెల. హైదరాబాదుకు ఆమెను నేనే వెంటబెట్టుకుని వెళ్లాను, ఎందుకంటే మా అబ్బాయి ప్రవీణ్‌కు సెలవు దొరకలేదు. వాడు కాజీపేటలో గూడ్సు బండి డ్రైవరు. రెండేళ్ల కిందట వాళ్ల మొదటి పాప ఏడు నెలలకే పోయింది. మెడ నిలవలేదు, కాళ్లు ఆడించలేదు, చివరికి ఊపిరి తీసుకునే బలం కూడా లేకపోయింది. ఒక జన్యువు తాలూకు రెండు నకళ్లలో ఒకటి అమ్మానాన్నలిద్దరిలోనూ పాడై ఉందని, ఇద్దరి దగ్గర్నుంచీ పాడైనదే వస్తే బిడ్డకు ఈ జబ్బు తప్పదని తర్వాత పరీక్షల్లో తేలింది. అందుకే ఈసారి ఉమ్మనీరు తీయించి పరీక్షకు ఇచ్చాం. రిపోర్టు పంజాగుట్టలోని పరీక్షా కేంద్రంలో ఎదురుగా కూర్చోబెట్టే చెబుతామన్నారు.

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్ని. ఇలాంటి అమ్మానాన్నలకు పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు; ఈ లెక్కను బోర్డు మీద ఎన్నిసార్లు వేశానో గుర్తులేదు.

పొద్దున ఆరున్నరకు కాజీపేటలో రైలెక్కాం. ఎదుటి సీట్లో ఒక పెద్దావిడ. కొడుకు సినిమాల్లో లైట్లు పట్టే పనిలో ఉన్నాడట, కృష్ణానగర్‌లో ఉంటాడట. కీర్తన పొట్ట చూసి, "మొదటి కాన్పా బిడ్డా?" అంది.

కీర్తన కిటికీ వైపు తిరిగింది. "రెండోది. మొదటి పాప లేదు," అన్నాను. ఆవిడ సంచిలోంచి జామకాయ తీసి కీర్తన చేతిలో పెట్టింది.

జనగామ దాటాక కీర్తన మెల్లగా అడిగింది.

"అత్తమ్మా, రెండో నెలల నాకు వైరల్ జరం వచ్చింది గదా. గా వైరస్ లోపలికి పోయి బిడ్డ జీన్లను ఖరాబు చేసుంటదా?"

"లేదమ్మా. గీ జబ్బు జరంతోని రాదు."

"మరి వైరస్‌లు మారుతుంటయని మీరే అంటరు గదా."

మారుతాయి. తమ నకళ్లను అవి అతి వేగంగా తీసుకుంటాయి, ఆ తొందరలో తప్పులు పడతాయి. చాలా తప్పులు వాటినే చంపుతాయి. ఎప్పుడో ఒకటి కలిసొస్తే అది నిలబడి వ్యాపిస్తుంది. మన కణాల్లోనూ నకళ్లు తీసేటప్పుడు తప్పులు పడతాయి, కాకపోతే దిద్దుకునే ఏర్పాటు ఉంది కాబట్టి తక్కువ. ఇదంతా చెప్పాను. ఆమె వింటూనే ఉంది, చేయి మాత్రం పొట్ట మీది నుంచి తీయలేదు.

తొమ్మిదింటికి సికింద్రాబాద్‌లో దిగి మెట్రో ఎక్కాం. గర్భిణులతో వెళ్లేవాళ్లకు ఒక మాట: అమీర్‌పేటలో లైను మారాలి, ఆ వేళకు కోచింగ్ పిల్లలు బ్యాగులతో మెట్లన్నీ నింపేస్తారు. లిఫ్టు కోసం ఆగడమే మేలు. అక్కడి నుంచి పంజాగుట్ట తర్వాతి స్టేషనే.

కేంద్రంలో కౌన్సెలర్, కోస్తా వైపు అమ్మాయి, మర్యాదగా చెప్పింది. "డాక్టరు గారు ఇంకొక్కసారి సరిచూస్తున్నారండి. మూడింటికి రండి. ఈలోపు ఈ ఫారం నింపండి, కిందటిసారి కొన్ని ఖాళీలు వదిలేశారు."

ఇంకొక్కసారి ఎందుకు సరిచూడాలి? అడగకుండానే ఫారం అందుకున్నాను. ఫారంలో రెండో పేజీలో ఒక ప్రశ్న ఉంది: దంపతుల తోబుట్టువుల్లో పసితనంలోనే చనిపోయినవాళ్లున్నారా? కిందటిసారి ఫారం నింపింది ప్రవీణ్. వాడికి తెలియదు. పెన్ను పట్టుకుని ఐదు నిమిషాలు కూర్చుని, దాన్ని మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

భోజనానికి మళ్లీ అమీర్‌పేట వచ్చి, మధురానగర్ వైపు హాస్టళ్ల మధ్య ఒక మెస్సులో కూర్చున్నాం. పప్పు, బెండకాయ వేపుడు, పెరుగు. కీర్తన రెండు ముద్దలు తిన్నాక చెప్పాను.

"ప్రవీణ్ కంటె ముందు నాకొక పాప పుట్టింది. ఎనిమిది నెలలకు పోయింది. మెడ నిలువలే."

ఆమె చేయి కంచంలోనే ఆగిపోయింది. "గీ జబ్బేనా?"

"అప్పుడు ఎవరికీ తెల్వదు. తర్వాత చదివినంక నాకు అనుమానమొచ్చింది."

"గా అనుమానం మా పెండ్లికి ముందా, తర్వాతా?"

"ముందే."

పెళ్లికి ముందు ఆ మాట చెప్పి ఉంటే ఇద్దరికీ రక్తపరీక్ష చేయించేవాళ్లు. మా ఆయన బతికున్నన్నాళ్లూ ఆ పాప ఊసెత్తనిచ్చేవాడు కాదు, సంబంధాలు చెడతాయనేవాడు. ఆయన పోయాక కూడా నేను నోరు విప్పలేదు. ఆ తప్పు నాదే.

"నా బిడ్డ మెడ నిలువకపోతే, లేటుగ నిలుస్తది తియ్యి అన్నరు మీరు," అంది కీర్తన. అంతే. కంచం వదిలి చేయి కడుక్కుని నాకంటే ముందు నడిచింది. మెట్రోలో నా పక్కన సీటున్నా నిలబడే ఉంది.

మూడింటికి ముందే ఆ ప్రశ్న కింద "ఒక ఆడపిల్ల, ఎనిమిది నెలలు, పేరు సునీత" అని రాసి ఇచ్చేశాను. ఆ పేరు రాసి ముప్ఫై ఏళ్లు దాటింది. కౌన్సెలర్ చదివి తలూపింది. కీర్తన కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది.

పిలిచారు.

"బిడ్డలో ఒక నకలు పాడైంది, ఒకటి బాగుందండి. మీ దంపతులిద్దరిలాగే. ఈ జబ్బు రాదు," అంది కౌన్సెలర్.

కీర్తన పొద్దుటి ప్రశ్నే మళ్లీ అడిగింది, జ్వరం గురించి. దానికీ దీనికీ సంబంధం లేదని ఆ అమ్మాయీ చెప్పింది. మరో మాట కూడా చెప్పింది. "వైరస్‌లు చేసేదంతా చెడే కాదండి. మాయ పొరను అల్లే జన్యువు ఒకటి, కోట్ల ఏళ్ల కిందట మన పూర్వపు జీవుల్లోకి చొరబడిన వైరస్‌దే. అది అక్కడే చిక్కుకుపోయింది, మార్పులు పడుతూ తరాలు దాటింది. ఇప్పుడు మీ బిడ్డకు తిండి అందే పొరను కట్టేది అదే."

"ఏది మంచి చేస్తదో ఏది చెడు చేస్తదో ముందుగాల తెల్వదా మేడం?"

"మార్పు పడేటప్పుడు తెలీదండి. ప్రతి బిడ్డలోనూ అమ్మానాన్నల్లో లేని కొత్త మార్పులు కొన్ని ఉంటాయి. చాలావాటి వల్ల ఏమీ కాదు."

నేనిదంతా పాఠంగా చెప్పిన మనిషినే. పంజాగుట్టలో ఆ చిన్న గదిలో వింటుంటే మాత్రం, నా ఒంట్లోంచీ మా ఆయన ఒంట్లోంచీ బయల్దేరిన ఒక లోపం సునీతను, ప్రవీణ్‌ను, వాడి మొదటి పాపను తాకుతూ వెళ్లిన దారి కళ్లముందు కనబడింది. అది ఎవరి తప్పూ కాదు. దాన్ని దాచడం మాత్రం నేను చేసిన పని.

అయిదున్నర బండి సికింద్రాబాద్‌లో ఎక్కాం. సీటు దొరికింది. కీర్తన నా పక్కనే కూర్చుంది.

"రేపు గీ బిడ్డ పెద్దగైనంక, పెండ్లికి ముందు గీ సంగతి చెప్పాలె," అంది ఘట్‌కేసర్ దగ్గర. "గప్పుడు ఎవరు చెప్తరు అత్తమ్మా?"

"నేనుంటే నేను చెప్త."

"ముందుగాల మీ కొడుక్కు చెప్పుండ్రి. నేనైతే చెప్ప. నాకింకా మీ మీద కోపమే ఉన్నది."

ఉండనీ అనుకున్నాను. భువనగిరి దగ్గర ఫోను మోగింది. ప్రవీణ్‌కు డ్యూటీ అప్పుడే దిగిందట. కీర్తన రిపోర్టు సంగతి చెప్పింది. అవతల వాడు ఏడుస్తున్నట్టుంది, ఆమె ఆగి ఆగి మాట్లాడింది. తర్వాత ఫోను నా చేతికిచ్చి కిటికీ వైపు జరిగింది.

"అమ్మా, మంచిగ పోయొచ్చినరా?" అన్నాడు వాడు.

"మంచిగనే పోయొచ్చినం. ఒక మాట చెప్పాలె, ఇను," అన్నాను. "నీకొక అక్క ఉండె."