మా ఇంటి నెంబరు తగిలించుకున్న సైకిలు

మొన్న శుక్రవారం మా మనవరాలు కరెంటు స్కూటరు కొని తెచ్చింది. పలాసలో చిన్నపిల్లల బడిలో పాఠాలు చెబుతుంది. రోజూ ఆటోలో పదకొండో మనిషిగా ఇరుక్కుని వెళ్ళలేనంది. సరే, దాని జీతం దానిది. బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు నలిపించాక నేను బండికి ముందూ వెనకా తిరిగి చూశాను. నెంబరు పలక లేదు. "ఇదేటే, నెంబరేదీ?" అన్నాను. "దీనికి నెంబరక్కర్లేదు మామ్మా, లైసెన్సూ అక్కర్లేదు. ఇరవై ఐదు కంటే స్పీడెల్లదు కదా, సట్టం దీన్ని మోటారు బండి కిందే లెక్కెయ్యదు" అని ఒక కాగితం ఆడించింది. అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్న మా మరిదీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తరవాత మా మరిది చూపు మెల్లగా గుమ్మం పైకి వెళ్ళింది. అక్కడ తెల్లరేకు మీద నల్లటి లావుపాటి అంకెలతో 4-37 అని ఉంటుంది. అచ్చం బండి నెంబరు పలకలాగే, రెండు చివర్లా బోల్టు బొక్కలతో. పార్సిళ్ళు తెచ్చేవాళ్ళు దాన్ని చూసి, ఈ ఇల్లు ఏ కంపెనీ మోడలని నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. ఆ పలక ఒకప్పుడు రోడ్డెక్కింది. టెక్కలి దాకా వెళ్ళి పట్టుబడింది కూడా.

రెండువేల సంవత్సరానికి అటో ఇటో, మా ఉద్దానంలోకి సెల్లుఫోన్లు ఇంకా రాని రోజుల మాట. మా మరిది అంతకు ముందే కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ కుడి మోకాలు మడత పడడం మానేసింది. చెట్లెక్కే పని పోయింది. ఇంట్లో కూర్చుని ఊరికే ఉండలేక, జీడితోటలకు మందు కొట్టే స్ప్రేయర్లు విప్పడం, బిగించడం నేర్చుకున్నాడు. వీపుకు తగిలించుకుని బుర్రుమనిపిస్తారే, ఆ ఇంజను స్ప్రేయర్లు. జీడి పూతకు దోమ పట్టిందంటే రైతుకు వారం రోజులు కూడా టైముండదు, ఆ వారంలోనే స్ప్రేయరు మొరాయిస్తుంది. అప్పుడందరికీ మా మరిదే కావాలి. కానీ తోటలేమో ఊళ్ళకు దూరం, బస్సు వెళ్ళే దారులు కావవి. సైకిలు తొక్కుదామంటే మోకాలు మడవదు. ఎవరో ఒకరు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాలి, మళ్ళీ తెచ్చి దింపాలి. పనిమంతుడు మూటలాగ ఒకరి కేరేజీ మీద ఊరేగడం ఏం బాగుంటుంది? వాడికి అదే బాధ. నోరు తెరిచి చెప్పలేదు గానీ, ఎవరైనా సైకిలు బెల్లు కొడితే అన్నం ముందునుంచి లేచేటప్పుడు మొహం చూస్తే తెలిసేది.

ఒకరోజు పెరట్లో చూస్తే మా ఆయన పాత సైకిలుకి స్ప్రేయరు ఇంజను కట్టి ఉంది. కాలు మడవనక్కర్లేకుండా ఒక చెక్క మెట్టు, పెట్రోలుకి స్ప్రేయరుదే చిన్న టాంకు, వెనక చక్రానికి జీడిపిక్కల మిషను బెల్టు. స్టార్టు చేస్తే కోళ్ళు ఎగిరి చూరెక్కాయి. బాగానే ఉంది అనుకున్నాను, పైకి అనలేదు. నేను చదివింది మూడో తరగతి. అయితే రోడ్డు మీదికెళ్ళే దేనికైనా పద్ధతుండాలని నాకు గట్టి పట్టుదల. మా నాన్న సైకిలుకి పంచాయతీ వాళ్ళిచ్చిన ఇత్తడి బిళ్ళ ఉండేది, నెంబరు కొట్టి. ఏటేటా కొత్త బిళ్ళ. అది లేకుండా మా నాన్న సంతకు కూడా వెళ్ళేవాడు కాదు. అందుకని మరిదిని నిలబెట్టి చెప్పాను: బెల్లుండాలి, రెండు బ్రేకులూ పట్టాలి, ముందు దీపం, వెనక ఎర్రద్దం ఉండాలి. అన్నీ ఉన్నాయన్నాడు. "మరి నెంబరు?" అన్నాను. "నెంబరెవలిత్తారొదినా, నాను సేసినదానికి?" "ఎవలూ ఇవ్వకపోతే ఇంటి నెంబరెయ్. నెంబరు లేని బండి ఈ గుమ్మం దాటదు." అంతే. జీడిపప్పు డబ్బాల మీద పేర్లు రాసే పెయింటరు చేత రేకు మీద మా డోరు నెంబరు రాయించి, ముందొకటి, వెనకొకటి బిగించాం. వెనకది వంకరగా ఉంటే నేనే సరిచేయించాను. ఆ పూతకాలం మొదట్లో మా మరిది జలంత్రకోట వైపు తోటల దాకా ఎవరి కేరేజీ ఎక్కకుండా వెళ్ళొచ్చాడు. వాడు వస్తున్నాడంటే ఊరి బయట ఉండగానే వినిపించేది. నేను అన్నం వార్చేదాన్ని, సరిగ్గా గంజి కారడం ఆగేసరికి గుమ్మంలో ఆగేవాడు.

పిస్టను రింగులు కావాలని ఒకరోజు టెక్కలి వెళ్ళాడు. మధ్యాహ్నానికి బస్సులో దిగాడు, నడుముకి తువ్వాలు, చేతిలో ఉత్త సంచీ.

"వొదినా, బండి పట్టీసుకున్నారు."

"ఎవలు?"

"బండ్ల ఇన్స్పెక్టరు. ఈ నెంబరు ఏ జిల్లాదని అడిగాడు."

"నువ్వేటన్నావు?"

"మా ఇంటిదన్నాను."

నవ్వు రావలసిన మాటే గానీ మా ఇద్దరికీ రాలేదు. నెంబరు లేకపోతే ఏదో కుంటివాడి సైకిలనుకుని చూసీ చూడనట్టు వదిలేసేవాడట ఆ ఇన్స్పెక్టరు. దొంగ నెంబరనుకుని జీపు ఆపాడట. తరవాత నెమ్మదిగానే చెప్పాడట. ఇంజను ఇరవై ఐదు సీసీలకు లోపైతే చట్టప్రకారం అది మోటారు బండే కాదు, సైకిలే, ఏ కాగితమూ అక్కర్లేదు. దాటిందంటే మాత్రం రిజిస్ట్రేషను, లైసెన్సు, ఇన్సూరెన్సు అన్నీ ఉండాలి. ఇంట్లో చేసినదానికి ఆ రిజిస్ట్రేషను ఎవరూ ఇవ్వరు. ఇంజను మీద సీసీలు చెక్కిన కంపెనీ పలక ఎప్పుడో ఊడిపోయింది కాబట్టి ఎన్ని సీసీలో రుజువు చేసుకుని తీసుకుపొమ్మన్నాడు. అంతా విని మా ఆయన, "నెంబరెయ్యమన్నది నువ్వే కదేటి" అన్నాడు. ఆయన ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడేవాడు. అందులో ఒకటి ఆరోజు నాకు ఖర్చు పెట్టాడు.

నేను మరిదిని అడిగాను, సీసీ అంటే సూదిమందు సీసీయేనా అని. అదే అన్నాడు. అయితే ఇంత గందరగోళం ఎందుకు? మా గేదెకు జబ్బు చేసినప్పుడు పశువుల కాంపౌండరు ఒక పాత గాజు సిరంజి మా ఇంట్లో వదిలేశాడు. పది సీసీలది, గీతలు చెరిగిపోలేదు. పనికొస్తుందని ఉప్పునీళ్ళలో కడిగి దాచాను, పనికొచ్చింది. ఇంజను తల విప్పి, పిస్టను అడుగుకు దించి, పక్కనున్న బొక్కలు సబ్బుతో మూసి, సిరంజితో అంచుదాకా కిరసనాయిలు పోస్తే ఎన్ని సీసీలు పడితే అన్ని సీసీల ఇంజనన్నమాట. మర్నాడు సిరంజి, సగం అరిగిన బట్టలసబ్బు, కిరసనాయిలు సీసా సంచీలో పెట్టుకుని మరిదితో టెక్కలి బస్సెక్కాను.

ఇన్స్పెక్టరు కుర్రవాడే, ఇస్త్రీ చొక్కా. నేను సంచీలోంచి సిరంజి తీస్తే కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "మీకు కాదు బాబూ, ఇంజనుకి" అన్నాను. లైసెన్సుల కోసం వచ్చిన లారీ డ్రైవర్లందరూ చుట్టూ మూగారు. మా మరిది ఇంజను విప్పి, సబ్బు నానబెట్టి మెత్తుతున్నాడు. మెత్తుతూనే ఉన్నాడు. బొక్క మూయడానికి వేలెడు సబ్బు చాలు, వాడు పిడికెడు పెట్టాడు. లోపల సబ్బు బొజ్జలా ఉబ్బి కూర్చుంది. సబ్బెంత జాగా తింటే కిరసనాయిలు అంత తక్కువ పడుతుంది. నాకు అర్థమైంది. తలెత్తి నావైపు చూశాడు, వద్దు వొదినా అన్నట్టు. ఆ చూపు ఇప్పటికీ గుర్తే. నేను తలపిన్ను తీసి, లోపలికి ఉబ్బిన సబ్బంతా గోడ దాకా గీకేశాను. గీకినదాన్ని కాగితంలో చుట్టుకున్నాను, బట్టలుతకడానికి. తరవాత సిరంజితో పోశాను. ఒకటి, రెండు, మూడు నిండా పట్టాయి. నాలుగోది సగానికి కాస్త ఇవతల ఆగింది. ముప్పై నాలుగు.

ఇన్స్పెక్టరు ఇంజను విప్పి గోనెసంచీలో వేసుకోండి, సైకిలు సైకిలుగా తీసుకుపోండి అన్నాడు. కొలిచిన కిరసనాయిలు తిరిగి సీసాలోకి వంచుకుని బయల్దేరాం. సైకిలు బస్సు మీద, గోనె నా ఒళ్ళో, మరిది నాకు దూరంగా డ్రైవరు వెనక సీట్లో. పలాసలో దిగేదాకా ఇటు తిరగలేదు. దిగాక మాత్రం అన్నాడు, "నువ్వు గీకింది సబ్బు కాదొదినా, నా తిరుగుడు." నేనూ ఊరుకోలేదు. "దొంగ కొలతతో కాగితం తెచ్చుకుని, జీపు కనబడ్డప్పుడల్లా తుప్పల్లోకి దిగుతావేటి? ఆ కాల్తో ఎంత దూరం పరిగెడతావు?" అన్నాను. అన్నానే గానీ, ఆ వారమంతా అన్నం వార్చేటప్పుడు నా చెవి ఊరి బయటే ఉండేది. రైతులు కొందరు స్ప్రేయర్లు బండి మీద వేసుకుని మా వాకిట్లోకే తెచ్చేవారు, రాలేనివాళ్ళు రాలేదు. తోటలు పూతమీదున్నాయి. మరిది మూడుపూటలా మా ఇంట్లోనే తినేవాడు, ఒక్క మాట లేదు. కూర కావాలంటే గిన్నె జరిపేవాడు.

ఎనిమిదో రోజున వాడు అన్నం తింటుంటే నేను ఎదురుగా కూర్చుని ఉంగరానికి దారం చుట్టుకుంటున్నాను. ఆ ఉంగరం మా అత్తది, నాకు వదులు. కంసాలి దగ్గరికి వెళ్తే తరుగంటాడు. అందుకని లోపలివైపు దారం చుట్టి పెట్టుకునేదాన్ని, పాతబడితే కొత్తది. చుడుతూ చుడుతూ ఆగాను. "ఒరే మరిదీ, ఇది పెద్దదైతే నాను లోపల దారం సుట్టి సిన్నది సేసుకుంటన్నాను. నీ ఇంజనుకి లోపలేదైనా సుట్టకూడదేటి?" వాడి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "దారం కాదొదినా," అన్నాడు. ఎనిమిది రోజుల తరవాత మొదటి మాట. "గొట్టం. లోపల ఇంకో గొట్టం దిగ్గొట్టాల. సిన్న పిస్టనెయ్యాల." మజ్జిగన్నం వదిలేసి చెయ్యి కడుక్కుని, గోనె భుజాన వేసుకుని, పలాస వెళ్ళే కొబ్బరిబోండాల ట్రాక్టరెక్కేశాడు. జీడిమిషన్లు బాగుచేసే లేతు వర్కుషాపులో వాళ్ళూ వాడూ కలిసి నాలుగు రోజులు తిప్పలు పడ్డారు. ఆ మజ్జిగన్నం నేను పారెయ్యలేదు, మా ఆయన చేత తినిపించాను.

మళ్ళీ టెక్కలి, అదే ఇన్స్పెక్టరు, మూగినవాళ్ళు మాత్రం ఇంకాస్త ఎక్కువ. ఈసారి మరిది సబ్బు వేలెడే పెట్టాడు. నేను సిరంజి నింపబోతుంటే ఇన్స్పెక్టరు ఆగమని, లేచొచ్చి, చొక్కా చెయ్యి పైకి మడిచి, తన వేలు ఇంజనులో పెట్టి చుట్టూ తడిమాడు. తువ్వాలుకి వేలు తుడుచుకుంటూ, "మొన్న కూడా నేను చూస్తూనే ఉన్నానమ్మా. మీరు గీక్కపోతే నేనే గీకేవాణ్ణి. అప్పుడు సైకిలు కూడా ఇచ్చేవాణ్ణి కాదు" అన్నాడు. మా మరిది నేలచూపులు చూశాడు. నేను పోశాను. ఒకటి నిండా, రెండు నిండా. మూడోది నాలుగు గీతలు దిగి, అంచుమీద చుక్క నిలబడి వణికింది. ఇరవై నాలుగు. డ్రైవర్లు ఈలలు వేశారు. బ్రేకులు చూసి, బెల్లు కొట్టి చూసి, ఈ వాహనం మోటారు వాహనం కిందికి రాదని కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. ఇస్తూ, "ఆ నెంబరు పలకలు మాత్రం ఇక్కడే ఊడదీయండి. నెంబరు లేకపోవడం తప్పు కాదు, ఉండడమే తప్పు" అన్నాడు. ఊడదీశాం. ముందుది మా గుమ్మానికి కొట్టాను. వెనకది కోడిపిల్లల పెట్టెకు మూతైంది.

చట్టానికి లోబడ్డాక ఆ బండి బాగా నెమ్మదించింది. కాస్త ఎత్తు వస్తే చాలు, కట్టెలమోపు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు దాన్ని దాటుకుని వెళ్ళి, ముందు నిలబడి, "ఏటి మావా, వత్తన్నావా, మమ్మల్ని ఎల్లమన్నావా?" అని ఏడిపించేవారు. వాడు బెల్లు కొట్టేవాడు. పూత పోకముందే తోటలన్నీ తిరిగాడు, ఆ తరవాత కూడా ఏళ్ళ తరబడి తిరిగాడు. ఆ కాగితానికి ప్లాస్టిక్కు తొడిగించి జేబులో పెట్టుకున్నాడు. విచిత్రమేమిటంటే దాన్ని మళ్ళీ ఎవరూ అడగలేదు. అదొక బెంగ వాడికి. రోడ్డు మీద జీపు కనిపిస్తే తనే ఆపి, కాగితం తీసి చూపించి, వాళ్ళు చదివేదాకా కదిలేవాడు కాదు.

మనవరాలి స్కూటరు చుట్టూ మొన్న అదే మరిది చేతికర్రతో మూడుసార్లు తిరిగాడు. "ఇదెన్ని సీసీలే?" అన్నాడు. "దీనికి సీసీల్లేవు తాతా." ఉన్నది ఇరవై ఐదు స్పీడొక్కటే అని చెప్తే, వాడు మళ్ళీ గుమ్మం మీది పలకవైపు చూసి, "అదే ఇరవై ఐదు" అని తలాడించాడు. తరవాత వెనక సీటు మీద కాలు చాపుకుని కూర్చుని, వీధి చివరిదాకా తీసుకెళ్ళమన్నాడు. ఇప్పుడు ఒకరి వెనక కూర్చోవడం వాడికేమీ అనిపించినట్టు లేదు. బండి చప్పుడైనా చెయ్యకుండా మెల్లగా వెళ్తుంటే నేను పలక కింద నిలబడి చూశాను. కాలం పరుగెడుతోందని అందరూ అంటారు గానీ, మా వీధిలో మాత్రం అది ఇంకా ఇరవై ఐదు దాటలేదు.