వనజాక్షి మొక్కిన పేరు

కంబదూరు మండలంలోని ఒక మెట్టపల్లెలో వనజాక్షి అంగన్‌వాడీ టీచరు. ఉదయాన్నే పిల్లలను పేరుపేరునా పిలిచి కూర్చోబెట్టడం ఆమె నిత్యవిధి. ఆమె కొలువులో చేరిన కొత్తలో ఆ పిలుపుకు తిమ్మక్కలు, ఓబులేసులు, నాగమ్మలు పలికేవారు. ఇప్పుడు మధీర పలుకుతుంది, లోహాన్ష్ పలుకుతాడు, యశ్విక పలుకుతుంది. తండ్రి మధు, తల్లి సుధీర, ఇద్దరినీ కలిపితే మధీర. యశ్విక అంటే కీర్తిలో పుట్టిన వెన్నెల అని ఆ పిల్ల తల్లి ఫోనులో చూపించింది. ఏ నిఘంటువూ ఈ పేర్లను ఎరుగదు. అయినా వనజాక్షి వాటిని ఎన్నడూ పరిహసించలేదు. పిలిస్తే బిడ్డ తలెత్తి చూసిందంటే అది పేరేనని ఆమె అనేది.

అటువంటి మనిషి సొంత మేనల్లుని పేరు దగ్గర చిక్కుకున్నది.

ఆమె తమ్ముడు తేజ అదే ఊళ్ళో ఉంటూ, కళ్యాణదుర్గంలో బిందుసేద్యపు పైపులు అమ్ముతాడు. అతని భార్య సహనకు రెండు గర్భాలు నిలువలేదు. మూడవసారి ఏడవ నెలలోనే కొడుకు పుట్టాడు. అనంతపురం ఆస్పత్రిలో ఆ శిశువును అద్దాలపెట్టెలో ఉంచి, ఏ మాటా చెప్పలేమన్నారు. సహనకు స్పృహ లేదు. తేజ మెట్ల మీద కూలబడి లేవలేకపోయాడు. అప్పుడు వనజాక్షి వరండాలో గోడవైపు తిరిగి, కొంగు పట్టుకొని, తమ ఊరి చావిడిలో నిలిచే పీరు కాశీంసామికి మొక్కుకున్నది. బిడ్డ బతికితే హుసేనప్ప అని పేరు పెడతామన్నది. ఆ సీమలో ఇది వింత కాదు. పీరు దయతో పుట్టారని నమ్మి బిడ్డలకు హుసేనప్ప, ఫకీరప్ప అని పేర్లు పెట్టుకున్న హిందువుల ఇళ్ళు అక్కడ వాడవాడకూ ఉన్నాయి.

బిడ్డ బతికాడు. మొక్కు సంగతి వనజాక్షి తన తల్లి బయమ్మకు మాత్రమే చెప్పింది. తక్కినవారికి చెప్పడానికి సమయం చూస్తూ ఉండగానే సహన తన మనసులోని పేరు బయటపెట్టింది. తేజలోనిది తే, సహనలోనిది హన; తేహన్. ముహూర్తం పెట్టడానికి వచ్చిన పురోహితుడు ముఖం చిట్లించి, ఆ చివరి అక్షరాలలో కొట్టడం, చంపడం అనే అర్థం ధ్వనిస్తున్నదన్నాడు. ఫోనులో నిత్యకాంతి అని ఉన్నదని తేజ నసిగాడు.

"అర్థం మేమిద్దరం, సామీ," అన్నది సహన. "వెతికేదానికి ఇంగ ఏమీ లేదు."

పురోహితుడు ముహూర్తం రాసిచ్చి వెళ్ళిపోయాడు. బయమ్మ మాత్రం చంపడమన్న మాటను పట్టుకొని, పోయిన ప్రాణాన్ని వెనక్కి తెచ్చిన సామిని కాదని ఇట్టి పేరు పెడితే ఏమవుతుందో అని కూతురి చెవిలో నూరిపోయసాగింది. ఆ మాటలు వనజాక్షిని నిద్రపోనీయలేదు. ఒక పక్క దేవునికిచ్చిన వాక్కు. మరొక పక్క తొట్లో వేసేనాడు పేరు వదిన నోటితోనే చెప్పించాలని పట్టుబట్టిన మరదలి నమ్మకం.

ఆ కుటుంబాలలో మేనత్తదే ఆ హక్కు. బిడ్డ చెవికి తమలపాకు అడ్డంపెట్టి ఆమె చెప్పినదే పేరు. ఆమె ఏమి చెప్పిందో ఆ బిడ్డకు తప్ప ఎవరికీ వినపడదు.

బయమ్మ ఉపాయం అందులోనే ఉన్నది. ముందు చెవిలో హుసేనప్ప అని అనేస్తే సామికి చెల్లిపోతుంది, ఆ తరువాత అందరూ వినేటట్టు తేహన్ అంటే కోడలికీ చెల్లిపోతుంది. ఎవరికి తెలుస్తుంది?

తొట్టె చుట్టూ ఆడవాళ్ళు మూగారు. పాట ఆగింది. వనజాక్షి ఆకు పట్టుకొని వంగింది. బిడ్డ వెచ్చని ఊపిరి ఆమె వేళ్ళకు తగిలింది. మొదటి అక్షరానికి పెదవి తెరుచుకున్నది. సహన తొట్టె తాడు పట్టుకొని ఆమెనే చూస్తున్నది; ఆ చూపులో అనుమానపు నీడైనా లేదు. వనజాక్షి ఆకు దించింది. మెల్లగా నిటారుగా నిలబడింది.

"సహనా, బిడ్డ అద్దాలపెట్టెలో ఉన్న పొద్దు నేను కాశీంసామికి మొక్కుకుంటి. హుసేనప్ప అని పేరు పెడతామంటి."

సహన తొట్టె తాడు వదిలి అడిగింది.

"ఎవురి బిడ్డకు, వదినా?"

మొక్కినాక వాదమేముందని బయమ్మ అందుకోబోయింది. తేజ తల వంచుకున్నాడు. సహన అత్త వైపు చూడనైనా లేదు.

"మేం పెట్టే పేర్లో నేను సగముండా, మీ తమ్ముడు సగముండాడు. మీ మొక్కును యాడ పెట్టేది?"

అంటూనే వనజాక్షి చేతిలోని ఆకు తీసుకొని, తానే వంగి, బిడ్డ చెవిలో పేరు చెప్పింది. మేనత్త ఉండగా తల్లే పేరు చెప్పిన తొట్టె ఆ వంశంలో అదే మొదటిది. విస్తళ్ళు పెట్టారు. వనజాక్షి తినకుండానే లేచిపోయింది.

ఆనాటి నుండి రెండిళ్ళ మధ్య రాకపోకలు లేవు. మండుటెండల్లో బిడ్డకు జ్వరం తగిలిందని తెలిసినప్పుడు బయమ్మ కూతురి గడపలో నిలబడి, ఒక్క మాట చెవిలో అనలేకపోయావా, వానికేమన్నా అయితే ఆ ఉసురు నీకే అన్నది. వనజాక్షి తమ్ముని ఇంటి వీధి మలుపు దాకా పోయి, లోపలికి పోయే ధైర్యం లేక, బిడ్డ ఏడుపు వినిపిస్తుందేమోనని నిలబడి తిరిగివచ్చింది. ఏడుపు వినిపించకపోవడం ఆమెను మరింత భయపెట్టింది. డాక్టరిచ్చిన మందుకు జ్వరం తగ్గింది. ఆమె భయం తగ్గలేదు. చివరకు పీర్ల చావిడి చూసుకునే కరీం సాబ్ దగ్గరకు పోయి, జరిగినదంతా చెప్పి, సామి ఆగ్రహిస్తాడా అని అడిగింది.

ముసలాయన మొహర్రం కోసం చావిడి ముందు అగ్నిగుండం తవ్విస్తున్నాడు. విని విని విసుక్కున్నాడు.

"నీ పొరుగోల్ల గొర్రెను తెచ్చి సామికి కోస్తే అది నీ మొక్కవుతాదా, వనజమ్మా? బిడ్డ వాల్లది. పేరు వాల్లది. నీదేముండాదో అదియ్యి."

"నాదేముండాది, తాతా?"

"కాళ్ళుండాయి. సిగ్గుండాది. ఫకీరై ఐదిండ్లు అడుక్కో."

మొహర్రంలో మొక్కుబడి ఉన్నవారు మెడలో రంగుదారాలు వేసుకొని, భుజాన జోలె తగిలించుకొని, కులం హోదా మరచి భిక్షమడగడం అక్కడి ఆచారం. అడిగిన గింజలు వండి సామికి చదివిస్తారు. భిక్ష వేసేవారు ఎవరి పేరు మీదనని అడుగుతారు. ఆ పేరు చెప్పనిదే గింజ వేయరు. ఊరిలో అందరికీ టీచరమ్మ అయిన స్త్రీ, తాను పలకలు పట్టించిన పిల్లల ఇళ్ళ ముందు జోలె పట్టడం సులభమేమీ కాదు. భర్త ఈశ్వరప్ప వద్దన్నాడు. ఆమె వినలేదు.

మొదట తమ్ముని ఇంటికే పోయింది. అక్కడ చేయి చాపలేకపోతే తక్కిన ఇళ్ళలో అడిగి ఫలమేమున్నది? వాన రాని ఆషాఢపు గాలి వీధిలో దుమ్ము లేపుతున్నది. తలుపు తీసినది సహన. చంకలో బిడ్డ. ఆడబిడ్డ మెడలోని దారాలను, జోలెను, చెప్పులు లేని పాదాలను చూసి క్షణం సేపు తలుపు మూస్తుందా అన్నట్టు రెక్క మీద చేయి వేసి నిలిచింది. తరువాత లోపలికి పోయి, చేటతో బియ్యం తెచ్చి, జోలె మీద ఎత్తిపట్టి ఆపింది.

"ఎవురి పేరు మీద?"

వనజాక్షి బిడ్డ వైపు చూసింది. ఆ పేరు ఆమె నోట ఇంతవరకూ రాలేదు.

"తేహన్ పేరు మీద. నా మేనల్లుడు తేహన్ పేరు మీద."

బిడ్డ ఆమె మెడలోని ఎర్రదారం వైపు చేయి చాపాడు. సహన చేట వంచింది. గింజలు జోలెలో పడి, కొన్ని గడప మీద చెదిరాయి. ఆమె వాటిని ఏరుతూ, తలెత్తకుండానే అన్నది.

"ఇంగా నాలుగిండ్లు ఉండాయి గదా వదినా. ఎండ ముదరకముందే పో. తిరిగొచ్చి ఈడనే తిను."