ళ వత్తు లేని పెళ్ళి

కరీంనగర్ బస్టాండు దగ్గర నేను డి.టి.పి. సెంటర్ పెట్టినప్పుడు మా బాపు ముందుగా అడిగింది ఒక్కటే, పూజ ఎప్పుడని. బాపు, అంటే మా నాన్న, రిటైరైన తెలుగు పండితుడు. మా ఇంట్లో సైకిలు మొదలు ట్రాక్టరు దాకా కొత్తగా ఏది కొన్నా కొండగట్టు అంజన్న ముందు నిలబడి బొట్టు పెట్టించుకోవలసిందే.

కంప్యూటరును బస్సెక్కించి గుట్ట మీదికి తీసుకుపోతే ఆ కుదుపులకు పాడవుతుందని ఎంత చెప్పినా వినలేదు. చివరకు నాకో ఉపాయం తట్టింది. తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ కొన్నప్పుడు దానితోపాటు అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క ఒకటి ఇచ్చారు. లాక్ అనేవాళ్ళం. దాన్ని కంప్యూటర్ వెనక తగిలిస్తేనే తెలుగు వస్తుంది, తీసేస్తే రాదు. ఒకరు కొన్నది ఇంకొకరు కాపీ చేసుకోకుండా ఆ ఏర్పాటు.

"బాపూ, దీని పానమంతా గీ లాక్‌లనే ఉంటది. దీన్ని తీస్కపోదాం" అన్నాను.

బాపు దానికి పసుపు రాసి, కొబ్బరికాయ, అరటిపండ్ల పక్కన పళ్ళెంలో పెట్టి పూజ చేయించాడు. గుడి బయటికి వచ్చామో లేదో, ఒక కోతి దూకింది. అరటిపండ్ల వైపు చూడనైనా చూడలేదు. పచ్చగా మెరుస్తున్న లాక్‌ను ఎత్తుకుని రేకుల షెడ్డు ఎక్కి కూర్చుంది. బాపు ముందు పండు చూపించి బతిమాలాడు. తర్వాత క్లాసులో పిల్లలను గదమాయించే గొంతు తీశాడు.

"ఏయ్! ఇస్తవా, ఇయ్యవా?"

కోతి లాక్‌ను పటపటా కొరికి, రుచి నచ్చక లోయలోకి విసిరేసింది. బాపు కాసేపు అటే చూసి చేతులు జోడించాడు. "పోనీ తియ్యి. స్వామే తీసుకున్నడు."

"స్వామికి డి.టి.పి. ఎందుకు బాపూ?" అన్నాను ఏడుపు ముఖంతో.

మర్నాడు సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళకు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను. లాక్ పోతే సాఫ్ట్‌వేర్ పోయినట్టే, మళ్ళీ మొత్తం కొనాలన్నారు. కోతి ఎత్తుకుపోయిందని చెప్పేసరికి అవతల పెద్ద నవ్వు వినిపించింది, లైను తెగిపోయింది.

ఆ రోజే ఒక ఫిజిక్స్ లెక్చరర్ జిరాక్స్ కోసం షాపుకు వచ్చాడు. నా కథంతా విని, అతను కూడా బాగా నవ్వి, సాయంత్రానికి ఒక ఫ్లాపీ తెచ్చి ఇచ్చాడు. అందులో అతను సొంతంగా గీసిన తెలుగు అక్షరాలున్నాయి.

"దీనికి లాక్ గీక్ ఏం లేదు. అక్షరాలు గీసిన అసలు ఫైలు గూడ అండ్లనే పెట్టిన. నచ్చకుంటే మీరే మార్చుకోండ్రి. ఎవరడిగినా కాపీ ఇయ్యిండ్రి. మార్చింది నాకు గూడ ఇస్తే చాలు."

షాపులో కూర్చుని వింటున్న బాపు కుర్చీలోంచి ముందుకు వంగాడు. "పైస తీసుకోకుండ పుక్కటికి ఎందుకిస్తున్నవ్ నాయనా?"

"నాకు గూడ ఒగాయన ప్రోగ్రాం పుక్కటికే ఇచ్చిండు సార్. దాంతోనే గివి గీసిన."

"ఆయనకెవరిచ్చిండ్రు?"

"ఎవరో తెల్వదు సార్. వేరే దేశాలల్ల గిట్ల రాసి ఒకలకొకలు ఇచ్చుకుంటరట. బాగలేనిది బాగ చేసి మల్ల ఇస్తరట."

ఈ జవాబుతో బాపు అనుమానం ఇంకా పెరిగింది. పెళ్ళి కావలసిన కూతుర్ని కదా, లెక్చరర్ వెళ్ళాక నన్ను పక్కకు పిలిచి, "ఆ పిలగానికి పెండ్లి కాలేదట. ఊకెనే ఇన్ని అక్షరాలెవరిస్తరు బిడ్డా? జర చూస్కో" అన్నాడు.

నాకు అక్షరాలతోనే పరేషాన్‌గా ఉంది. పెళ్ళిళ్ళ కాలం. మొదట వచ్చింది పక్క ఊరి నుంచి ఒక ఆమె, బిడ్డ పెళ్ళి కార్డులకు. 'పెళ్ళి పిలుపు' అని కొట్టాను. తెర మీద 'పెళి', దాని కింద ఒక ఖాళీ డబ్బా వచ్చాయి. ఎన్నిసార్లు కొట్టినా అంతే. లెక్చరర్‌ను పిలిపించి చూపించాను. అతను తల గోక్కున్నాడు.

"ళ వత్తు గీయనే లేదు. నేను పరీక్ష పేపర్ల కోసం చేసుకున్న. ఫిజిక్స్‌ల పెళ్ళి ఎక్కడొస్తది?"

ఆ మాటతో బాపు ముఖం తేటపడింది. ఈ మనిషికి పెళ్ళి ధ్యాసే లేదని తేలిపోయింది కదా. వెంటనే అతనికి చాయ్ తెప్పించి, 'వివాహము' అని వేద్దామని సలహా ఇచ్చాడు. కార్డులకు వచ్చినామె ఒప్పుకోలేదు.

"అది అయ్యగారు సదివే మాట. మావోళ్ళకు పెండ్లి అంటేనే తెలుస్తది. అదే రాయరాదు బిడ్డా?"

కొట్టి చూశాను. ల వత్తు ఉంది. తెర మీద 'పెండ్లి' నిండుగా, దర్జాగా వచ్చింది. బాపు లేచి నిలబడ్డాడు.

"కార్డు మీద 'పెండ్లి' అని ఎయ్యద్దు! పిల్లల నోటుబుక్కులల్ల గా మాటను కొట్టేసి కొట్టేసి నా ఎర్రసిరా ఒడిసింది."

"మీరు కొట్టేస్తే పెండ్లిలు ఆగినయా సారూ?" అంది ఆమె. "మీరు గూడ ఇంట్ల పెండ్లి అనే అంటరు గదా?"

బాపు నా వైపు చూశాడు. నేను కీబోర్డు వైపు చూశాను. కార్డులు 'పెండ్లి పిలుపు' అనే అచ్చయ్యాయి. అవి చూసి వచ్చినవాళ్ళందరూ మాకూ అట్లాగే కావాలన్నారు.

బాపు తట్టుకోలేకపోయాడు. గళ్ళ కాగితం, కలం ముందేసుకుని ళ వత్తు గీయడం మొదలుపెట్టాడు. గీసింది చించి మళ్ళీ గీసేవాడు. చివరకు నచ్చినదాన్ని నేను లెక్చరర్ ఇచ్చిన ఫైల్లో చేర్చాను. 'పెళ్ళి' తెర మీద కనిపించగానే బాపు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఫ్లాపీని తానే తీసుకుపోయి లెక్చరర్‌కు ఇచ్చి వచ్చాడు.

ఇక అప్పటినుంచి మా షాపుకు ఎవరొచ్చినా ఫ్లాపీ తప్పలేదు. రేషన్ కార్డు జిరాక్స్ కోసం వచ్చిన మనిషికి కూడా బాపు ఒకటి చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "గిది ఏ డీలరుకియ్యాలె సారూ?" అని అడిగాడు.

ఒకరోజు చెన్నూరు నుంచి ఒక ప్రింటింగ్ ప్రెస్సాయన వచ్చాడు.

"సారూ, మీ ళ వత్తు జర లావైంది. కింది వరుసకు తగులుతుంది. నేను సన్నగ చేసిన, చూడుండ్రి."

"నా అక్షరాన్ని బక్కగ చేసినవా? ఎవరినడిగి చేసినవ్?"

"అడగకుండ మార్చుకోవచ్చని మీరే ఇచ్చిండ్రు గద సారూ!"

బాపు అచ్చు తీయించి, కాగితాన్ని కిటికీ దగ్గరికి పట్టుకుని చాలాసేపు చూశాడు. "సన్నగనే ఉండనీ" అన్నాడు చివరకు. "కొస మాత్రం వంకరపోయింది. నేను సక్కగ చేస్త."

చేసి, చెన్నూరు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాడు. ప్రెస్సాయన ఇంకేదో మార్చి అదే బస్సులో తిప్పి పంపాడు. ఇద్దరూ అట్లా అక్షరాల మీద కొట్లాడుకుంటూనే ఉన్నారు. నేను సన్నదీ లావుదీ రెండూ కంప్యూటర్‌లో ఉంచేదాన్ని, ఎవరికి నచ్చింది వాళ్ళు తీసుకుంటారని. లావు వత్తే కావాలని ఎవరైనా అంటే, బాపు వాళ్ళకు తన కుర్చీ ఇచ్చేసి తాను స్టూలు మీద కూర్చునేవాడు.